నెక్లెస్ నప్పుతుందా, ఒంటికి పడుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

పూసలు గుచ్చడం, తెగిన గొలుసులు బాగుచేయడం నా పని. తెగిన గొలుసు చేతిలో పెడుతూనే ప్రతివాళ్ళూ ఏదో ఒక సందేహం అడుగుతారు. మనుషులు మారతారు గానీ సందేహాలు మారవు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్ళిపోవచ్చు.

ముందొక మాట. మనం నగ "నప్పింది" అంటాం, నగ "ఒంటికి పడింది" అంటాం. ఈ రెండూ ఒకటి కాదు. నప్పడం చూసే కంటి సంగతి, పడటం చర్మం సంగతి. అందరూ మొదటిదాని గురించే బెంగ పెట్టుకుంటారు. నేనైతే రెండోదే ముందు చూస్తాను.

## కొనకముందు

నా మెడకు ఎంత పొడవు గొలుసు సరిపోతుందో ఎలా తెలుసుకోవాలి?

కుట్టుదారం తీసుకుని అద్దం ముందు నిలబడండి. దారాన్ని మెడ చుట్టూ వేసి, గొలుసు ఎక్కడ ఆగితే బాగుంటుందో అక్కడికి వదిలి, మెడ వెనక రెండు కొసలూ కలిసే చోట కత్తిరించండి. దాన్ని స్కేలు మీద పెడితే వచ్చేదే మీ కొలత. షాపుల్లో వినపడే అంకెలు సుమారుగా ఇవి: 14 నుంచి 16 అంగుళాలది మెడను పట్టుకుని ఉండే చోకర్, 18 అంగుళాలది గొంతు గుంట కింద మెడ ఎముకల మీద ఆగేది, 20 నుంచి 24 ఛాతీ మీదికి దిగేది, 28 దాటితే పొడవు హారం. కానీ ఈ లెక్క మధ్యరకం మెడకు. మెడ చుట్టుకొలత 15 అంగుళాలు ఉన్నవాళ్ళకి 16 అంగుళాల గొలుసు ఉరితాడులా బిగుసుకుంటుంది. మీ మెడ కొలతకు కనీసం రెండు అంగుళాలు కలుపుకోండి. ఇంకోటి, గొలుసు పొడవులో లాకెట్ కలవదు. అంగుళంన్నర లాకెట్ వేలాడితే కంటికి కనపడేది ఆ అంగుళంన్నర కిందికే.

షాపులో ధగధగలాడింది, ఇంటికి తెచ్చాక వెలవెలబోయింది. మోసపోయానా?

మోసం కాదు, దీపాల పని. పసుపు వెలుతురులో బంగారం మరింత పచ్చగా కనపడుతుంది, తెల్లటి వెలుతురులో వెండి, వజ్రం మెరుస్తాయి. ఏ నగ మీద ఏ దీపం వేయాలో అమ్మేవాళ్ళకు బాగా తెలుసు. పైగా నగ పెట్టే ఆ నల్ల వెల్వెట్ బొమ్మ మెడ మామూలు మనుషుల మెడకన్నా పొడవు. నగ పెట్టుకుని ఒకసారి కిటికీ దగ్గరకో గుమ్మం దగ్గరకో వెళ్ళి పగటి వెలుతురులో ఫోటో తీయించుకోండి. అద్దానికి ముఖం ఆనించినట్టు నిలబడి చూడకండి. అవతలివాళ్ళు మిమ్మల్ని చూసేది నాలుగడుగుల దూరం నుంచి, మీరూ అక్కడి నుంచే చూడండి.

ఆన్‌లైన్‌లో కొంటే లాకెట్ సైజు తెలియడం లేదు. ఏం చేయాలి?

ఫోటోను నమ్మకండి, కింద ఇచ్చిన మిల్లీమీటర్ల కొలత నమ్మండి. ఆ కొలతకు కాగితం ముక్క కత్తిరించి దారానికి కట్టి మెడలో వేసుకుని చూడండి. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, తిప్పి పంపే శ్రమ తప్పుతుంది.

ఒక్కటే కొనగలను. ఏది కొంటే ఎక్కువ బట్టల మీదికి వస్తుంది?

18 అంగుళాల సన్న గొలుసు, చిన్న లాకెట్, చివర రెండు అంగుళాల అదనపు కడియాల ముక్క. కొక్కెం ముందుకీ వెనక్కీ మార్చుకుంటే 18, 19, 20 అంగుళాలకు అదే సరిపోతుంది. లాకెట్ ఊడదీసి మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది.

## బట్టలతో కలపడం

ఏ మెడ కోతకు ఏ నెక్లెస్?

పట్టికలు బట్టీ పట్టొద్దు, ఒక్కటి గుర్తుంచుకోండి: నెక్లెస్ అంచూ బట్ట మెడ అంచూ ఒకదాన్నొకటి రాసుకోకూడదు. నెక్లెస్ అయితే పూర్తిగా చర్మం మీద, బట్ట అంచుకు రెండు వేళ్ళ దూరంలో ఆగాలి. లేదా బట్ట మీదికి బాగా దిగిపోవాలి. సగం లోపల, సగం బయట ఉంటే నడిచినప్పుడల్లా లాకెట్ లోపలికి దూరుతూ బయటికి వస్తూ విసిగిస్తుంది.

ఇక ఆకారం. వి మెడకు లాకెట్ ఉన్న గొలుసు బాగుంటుంది, ఎందుకంటే లాకెట్ బరువుకు గొలుసు కూడా వి ఆకారంలోకే దిగుతుంది. లోతైన గుండ్రటి మెడకు ఆ వంపునే అనుసరించే పూసల దండ. బోట్ నెక్ ఎముకల మీదుగా అడ్డంగా పోతుంది కాబట్టి అక్కడ పొట్టి నెక్లెస్‌కు చోటే లేదు, 28 అంగుళాలు దాటినది బట్ట మీద వేయండి. భుజాలు కనపడే గౌనుకు చోకర్. కాలర్ షర్ట్‌కు పై బొత్తాములు రెండు తీసి ఆ సందులో సన్నటిది. హాల్టర్ మెడకు ఏమీ వద్దు, ఆ కోతే మెడకు నగ. చతురస్రపు మెడ ఒక్కటే కాస్త మొండిది. గుండ్రటిది పెట్టినా, కోసుగా దిగేది పెట్టినా మూలలతో పేచీ పెట్టుకుంటుంది. నేను అక్కడ పొట్టిగా ఉండేదే వేయిస్తాను.

చీర మీద పొడవు హారం వేస్తే పమిట కిందికి దూరిపోతోంది.

హారం కిందికొస పమిట అంచు దగ్గర ఆగుతోందన్నమాట. రెండు దారులున్నాయి. జాకెట్టు మెడ లోతులోనే ఆగే పొట్టిది వేసుకోండి. లేదంటే హారం పూర్తిగా పమిట కుచ్చెళ్ళ మీద పడేంత పొడవుండాలి, పమిటను భుజం దగ్గర పిన్నుతో గట్టిగా నిలపాలి. మధ్యస్థంగా ఉన్నది ఎప్పటికీ దూరుతూనే ఉంటుంది.

బట్ట మీదే బోలెడు పని ఉంది. దాని మీద నెక్లెస్ వేయాలా?

మెడ చుట్టూ కుట్టుపని ఉంటే వద్దు. అందం మాట అటుంచి, రాళ్ళను పట్టి ఉంచే చిన్న గోళ్ళు జరీ పోగుల్లో చిక్కుకుంటాయి. జరీ లాగేస్తాయి, లేదా గోరు లేచి రాయి రాలిపోతుంది. రెండు రకాల నష్టమూ నా బల్ల మీదికి వచ్చింది. అంత పనితనం ఉన్న బట్టకు చెవులకు మాత్రం పెట్టుకోండి.

నగ రంగు బట్టతో కలవాలా, వేరుగా ఉండాలా?

దీనికి 19వ శతాబ్దపు ముచ్చట ఒకటి ఉంది. పారిస్‌లో గోబెలిన్స్ అనే నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నల్లదారం వెలిసినట్టు కనపడుతోందని ఫిర్యాదులొచ్చాయి. ఆయన పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్లే ఆ నలుపు అలా కనపడుతోంది. పక్కపక్కన పెట్టిన రెండు రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో ఆయన వివరంగా ప్రచురించాడు.

నగకూ అదే వర్తిస్తుంది. ముదురు నీలం బట్ట మీద బంగారం ఉన్నదానికన్నా పచ్చగా మెరుస్తుంది. అదే బంగారం ఆవపిండి రంగు మీద మట్టి కొట్టుకున్నట్టుంటుంది. ఎర్రరాయి ఆకుపచ్చ మీద మండుతుంది, ఎర్రబట్ట మీద కలిసిపోతుంది. కాబట్టి నగ కనపడాలంటే ఎదురు రంగు, బట్ట కనపడాలంటే దగ్గరి రంగు. ఇబ్బందంతా "ఇంచుమించు" మ్యాచింగ్‌తోనే. బట్ట ఒక రకం గులాబీ, పూసలు ఇంకో రకం గులాబీ అయితే రెండూ పాతబడినట్టు కనపడతాయి. సరిగ్గా కలిసే రంగు దొరక్కపోతే వెతకడం మానేసి, పూర్తిగా వేరే రంగు తీసుకోండి.

రెండు మూడు గొలుసులు కలిపి వేసుకుంటే చిక్కుపడుతున్నాయి.

ఒకే పొడవు, ఒకే బరువు ఉన్నవి పెనవేసుకుంటాయి. ఒక్కోదానికీ మధ్య కనీసం రెండు అంగుళాల తేడా ఉంచండి, అన్నిటికన్నా కిందిదానికి బరువైన లాకెట్ వేయండి. అల్లిక కూడా మార్చండి: ఒకటి నున్నటిది, ఒకటి కడియాల గొలుసు, ఒకటి పూసలది. పాము గొలుసు మాత్రం వీటిలో కలపొద్దు. ఒకసారి మడతపడితే ఆ గంటు మళ్ళీ పోదు, నేనూ పోగొట్టలేను.

పెద్ద కమ్మలుంటే నెక్లెస్ మానేయాలా?

భుజాన్ని తాకేంత కమ్మలైతే మానేయండి, లేదా ఛాతీ కిందికి దిగే సన్నటి గొలుసు వేయండి. కమ్మలకూ గొలుసుకూ మధ్య కాస్త ఖాళీ ఉండాలి, అంతే.

## ఒంటి ఛాయతో

చామనఛాయకు బంగారం బాగుంటుందా, వెండి బాగుంటుందా?

రెండూ. ఛాయ అంటే చర్మం ఎంత తెలుపు, ఎంత నలుపు అన్నది. లోపలి ఛాయ అంటే చర్మం వెనక నుంచి తొంగిచూసే పసుపో, గులాబీయో. నగల రంగు గురించి చెప్పే మాటలన్నీ ఈ రెండోదాని మీద ఆధారపడ్డవి. పసుపు ఛాయ ఉన్నవాళ్ళకు బంగారం, ఇత్తడి, రాగి రంగులు కలిసిపోతాయి. గులాబీ ఛాయ ఉన్నవాళ్ళకు వెండి, ప్లాటినం కలిసిపోతాయి. చామనఛాయలో రెండు రకాలవాళ్ళూ ఉంటారు, రెండూ కలిసినవాళ్ళూ ఉంటారు.

అయినా "కలిసిపోవడం" ఎప్పుడూ మంచిదేనా? సన్న గొలుసు కలిసిపోతే అసలు కనపడదు. బాగా తెల్లగా ఉన్నవాళ్ళ మెడలో లేత రోజ్ గోల్డ్ పోగు ఉందో లేదో తెలియదు. నల్లటి మెడ మీద నల్లపూత పూసిన వెండి అలాగే మాయమవుతుంది, మెరుగుపెట్టిన వెండి మాత్రం వెన్నెల గీతలా ఉంటుంది. నేనైతే ముందు వెలుగు తేడా చూసి, పసుపా గులాబీయా అన్నది తర్వాత చూస్తాను.

మణికట్టు నరాల పరీక్ష నమ్మొచ్చా?

నరాలు ఆకుపచ్చగా ఉంటే బంగారం, నీలంగా ఉంటే వెండి అంటారు. నరం ఎంత లోతులో ఉంది, చర్మం ఎంత మందం, వెలుతురు ఎలా ఉంది అన్నవాటిని బట్టి ఆ రంగు మారిపోతుంది. ముదురు చర్మం మీద నరాలే సరిగా కనపడవు. అంతకన్నా నమ్మదగ్గది ఇది: పగలు కిటికీ పక్కన, ముఖానికి ఏమీ రాసుకోకుండా, గడ్డం కింద ఒకసారి బంగారు రంగు కాగితం, ఒకసారి వెండి రంగు కాగితం పట్టుకోండి. కాగితాన్ని కాదు, మీ ముఖాన్ని చూడండి. కళ్ళ కింద నీడలు దేనికి తగ్గితే అది మీది. తేడా తెలియకపోతే రెండూ మీవే.

చర్మాన్ని 1 నుంచి 6 రకాలుగా విడదీసిన పట్టికను కూడా కొందరు నగలకు వాడుతున్నారు. దాని తొలి రూపాన్ని 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మవైద్యుడు ఎండకు చర్మం ఎంత కందుతుందో, ఎంత నల్లబడుతుందో చూసి తయారుచేశాడు. వైద్యానికి పనికొచ్చే లెక్క అది, లాకెట్ ఎంపికకు కాదు.

నల్లగా ఉన్నవాళ్ళు రంగురాళ్ళు పెట్టుకోకూడదంటారు. నిజమేనా?

కాదు. నలుపు మీద రంగు ఎలా వెలుగుతుందో తెలియాలంటే నల్ల వెల్వెట్ మీద నగలు పెట్టి అమ్మేవాళ్ళను అడగండి. పచ్చ, కెంపు, పగడం, నిండు నీలం ధైర్యంగా పెట్టుకోండి.

రోజ్ గోల్డ్, వైట్ గోల్డ్ అసలు బంగారమేనా?

అవును. 18 క్యారట్లంటే 75 శాతం బంగారం. మిగతా 25 శాతంలో రాగి ఎక్కువైతే గులాబీ రంగు, పల్లాడియమో నికెలో కలిపితే తెలుపు. వైట్ గోల్డ్ మీద చాలావరకు రోడియం అనే తెల్లటి లోహపు పూత ఉంటుంది. అది అరిగిన చోట లేత పసుపు బయటపడుతుంది. కంగారు పడకండి, మళ్ళీ పూత వేయిస్తే సరిపోతుంది.

## ఒంటికి పడటం

గిల్టు నగ పెడితే మెడంతా దురద. నాకు నగలే పడవా?

ఎక్కువసార్లు పడనిది నగ కాదు, అందులోని నికెల్. గట్టిదనానికీ మెరుపుకీ చవక లోహాల్లో నికెల్ కలుపుతారు, పైపూత కింద ఒక పొరగానూ వేస్తారు. చెమట తగిలితే కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది. పెట్టుకున్న వెంటనే కాదు, సాధారణంగా ఒకటి రెండు రోజులకు ఎర్రగా కంది, దురదపెట్టి, చిన్న పొక్కులొస్తాయి. అందుకే చాలామంది అసలు కారణం పోల్చుకోలేరు. ఆనవాళ్ళు రెండున్నాయి. దురద మెడ వెనక కొక్కెం ఆనేచోట మొదలవుతుంది. జీన్స్ బొత్తాం తగిలే బొడ్డు కింద కూడా అదే మచ్చ ఉంటుంది. ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, "అలవాటవుతుందిలే" అని పెట్టుకుంటూ పోతే ముదురుతుంది.

యూరప్‌లో 1994లోనే దీనికి నిబంధన తెచ్చారు. చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ వెలువడకూడదు. నగ మీద అనుమానం ఉంటే నికెల్ పరీక్ష ద్రావకం చిన్న సీసాల్లో దొరుకుతుంది. దూదిపుల్లకు రాసి నగ మీద రుద్దితే, దూది గులాబీ రంగుకు మారితే నికెల్ ఉన్నట్టే. కొక్కేన్ని మర్చిపోకుండా రుద్దండి. గొలుసు మంచిదై కొక్కెం ఒక్కటే నికెల్‌దైన కేసులు నేను చాలా చూశాను, కొక్కెం మార్చగానే దురద పోయింది. నికెల్ చర్మానికి తగలకుండా నగ మీద రంగులేని గోళ్ళ రంగు పూయడం నాలుగు రోజుల ముచ్చట. పొక్కులు తగ్గకపోతే చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ పరీక్ష (ఏది పడదో చర్మానికి అంటించి చూసేది) చేయించుకోండి.

మెడ మీద పచ్చటి మరక పడింది. నకిలీ నగ అంటగట్టారా?

పచ్చ మరక రాగిది. చెమటతో రాగి చర్య జరిపి ఆకుపచ్చ లవణాలు ఏర్పడతాయి. హాని లేదు, సబ్బుతో పోతుంది. 925 ముద్ర ఉన్న అసలు వెండిలో కూడా 7.5 శాతం వేరే లోహం ఉంటుంది, ఎక్కువగా రాగే. కాబట్టి మరక ఒక్కటే నకిలీకి సాక్ష్యం కాదు. నల్లటి గీత పడితే అది వేరు: పౌడరు, సన్‌స్క్రీన్లలోని గట్టి రేణువులు లోహాన్ని అరగదీసి ఆ గుండను మెడకు పూస్తాయి.

నాకు చెమట ఎక్కువ. రోజంతా ఉంచుకునే గొలుసు ఏ లోహంలో తీసుకోవాలి?

చర్మం బాగా సున్నితమైతే టైటానియం, నియోబియం, 950 ముద్ర ప్లాటినం. 22 క్యారట్ల బంగారంలో 91.6 శాతం బంగారమే కాబట్టి సాధారణంగా పడుతుంది, కాకపోతే మెత్తన, సన్న పోగులు త్వరగా అరుగుతాయి. 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ 10 శాతానికి పైనే ఉంటుంది గానీ గట్టిగా బంధించి ఉండటంతో బయటికి చాలా తక్కువ వస్తుంది. చాలామందికి ఇబ్బంది ఉండదు, నికెల్ తీవ్రంగా పడనివాళ్ళు మాత్రం వదిలేయండి.

గొలుసు వల్ల మెడ నల్లబడింది. గొలుసు తీసేస్తే పోతుందా?

గొలుసు రాసుకున్న గీత మేరకే నలుపు ఉంటే, రాపిడి ఆగితే మెల్లగా తగ్గుతుంది, నెలలు పడుతుంది. మెడ చుట్టూ, ముఖ్యంగా వెనక, చర్మం మందంగా వెల్వెట్‌లా నల్లబడి, చంకల్లోనూ అలాగే ఉంటే అది గొలుసు పని కాదు. అకాంథోసిస్ నైగ్రికన్స్ అనే ఈ స్థితి తరచుగా ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో ముడిపడి ఉంటుంది. పీచుతో తోమకండి, డాక్టరుకు చూపించి షుగర్ పరీక్ష చేయించుకోండి. మెరుగు పెట్టమని గొలుసు తెచ్చినవాళ్ళను నేను ఈ మాట చెప్పి పంపిన సందర్భాలున్నాయి.

## వేసుకోవడం, దాచడం

సెంటు ముందా, నెక్లెస్ ముందా?

సెంటు, క్రీము, హెయిర్ స్ప్రే అన్నీ అయి ఆరాక నెక్లెస్. వచ్చాక అన్నిటికన్నా ముందు తీసేది అదే. ముత్యాలకైతే ఇది తప్పనిసరి. ముత్యం చాలావరకు కాల్షియం కార్బొనేట్, ఆమ్లానికి కరుగుతుంది, చర్మం మీది చెమటకు కూడా ఏళ్ళ తరబడి మసకబారుతుంది. తీయగానే మెత్తటి తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, గుడ్డ సంచీలో విడిగా ఉంచండి. వజ్రాలతో కలిపి పెట్టెలో పడేస్తే ముత్యం మీద గీతలే.

వెండి నెక్లెస్ నల్లబడింది. ఇంట్లో ఏం చేయొచ్చు?

గాలిలోని గంధకపు వాయువుల వల్ల పైన వెండి సల్ఫైడ్ పొర కడుతుంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్ళు, చెంచాడు వంటసోడా వేసి నగను రేకుకు తగిలేలా ఉంచండి. కాసేపటికి నలుపు వదులుతుంది. ముత్యాలు, పగడాలు, అంటించిన రాళ్ళు ఉన్న నగకూ, కావాలని నల్లపూత పూసిన నగకూ ఈ పని చేయొద్దు.

బంగారు పూత ఎన్నాళ్ళుంటుంది?

పూత మందాన్ని బట్టి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటే, చవక నగల పూత మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. 2.5 మైక్రాన్లు ఉంటే జాగ్రత్తగా వాడుకునేవాళ్ళకు ఏళ్ళు వస్తుంది. కొనేటప్పుడు "గ్యారంటీ ఎంత" అని కాక "పూత ఎన్ని మైక్రాన్లు" అని అడగండి. జవాబు తడబడితే విషయం అర్థమవుతుంది.

ముత్యాల దండ తెగలేదు కదా, మళ్ళీ గుచ్చించాలా?

దండను రెండు చేతులా పట్టుకుని వేలాడదీయండి. ముత్యానికీ ముడికీ మధ్య దారం కనపడుతోందా? దారం సాగింది, గుచ్చించే వేళయింది. కొక్కెం పక్కన మూడు నాలుగు ముత్యాల దగ్గర ముందు చూడండి. చెమట, నూనె చేరి పట్టుదారం అక్కడే బూడిదరంగుకు తిరిగి చివికిపోతుంది. ప్రతి ముత్యానికీ మధ్య ముడి వేయించుకోండి. తెగినా ఒక్కటే జారుతుంది, ఒకదాన్నొకటి రాసుకోవు కూడా. నా తొలిరోజుల్లో తొందరపడి ముళ్ళు లేకుండా గుచ్చి ఇచ్చాను. నెల తిరక్కుండా ఆవిడ గుప్పెడు ముత్యాలు రుమాల్లో మూటకట్టి తెచ్చారు, అందులో రెండు తక్కువ. ఆ రెండూ నేనే కొనిచ్చి, ఈసారి ముత్యం ముత్యానికీ ముడి వేసి గుచ్చాను.

సన్న గొలుసు చిక్కుపడింది. లాగితే ఇంకా బిగుస్తోంది.

లాగొద్దు. కొక్కెం తీసి, పళ్ళెంలో పరిచి, ముడి మీద ఒక బొట్టు కొబ్బరినూనె వేయండి. రెండు గుండుసూదులు తీసుకుని ముడి నడిమధ్యన గుచ్చి, ఒకదాన్నుంచి ఒకదాన్ని మెల్లగా దూరం జరపండి. సందు కనపడగానే కొస దొరుకుతుంది. విప్పాక గోరువెచ్చటి సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టండి. ఈసారి దాచేటప్పుడు గొలుసును కూల్‌డ్రింకు స్ట్రాలోంచి దూర్చి, బయట కొక్కెం పెట్టేయండి.